కొట్టాలను ఊరు చేయబోయిన దస్తగిరమ్మ

జొన్నహాళ్ చావడిలో మగవాళ్లు కూర్చుని ఉంటే ఆడవాళ్లు మెట్టు కింద నిలబడి మాట్లాడాలి. అది ఆ ఊరి కట్టడి. దస్తగిరమ్మ ఆ రోజు మెట్టెక్కలేదు. కిందనే నిలబడి, చంకలోని ఖాళీ బిందెను మాత్రం తీసి మెట్టు మీద పెట్టింది. తాను ఎక్కకపోయినా బిందె ఎక్కింది. ఆమె వెనక మేము, ఎర్రదిన్నె కొట్టాల ఆడవాళ్లం, తలా ఒక బిందెతో నిలబడ్డాం.

అది డెబ్బైల మొదట్లో వచ్చిన కరువు ఏడు. ఆదోని సమితి నుంచి తాగునీళ్లకు ఒక బోరు మంజూరయింది. అర్జీలో రాసింది మా కొట్టాల దాహం. బోరు మిషను వచ్చి నిలబడింది జొన్నహాళ్ చావడి ముందర. సర్పంచి శేషప్ప వక్కాకు నములుతూ అరుగు మీద కూర్చున్నాడు. పక్కన కుర్చీలో సమితి ఇంజనీరు.

"ఏమ్మే దస్తగిరీ, బిందెలెత్తుకోని వచ్చినారు, ఏమన్నా పెండ్లి మెరవణా?" అన్నాడు శేషప్ప.

"పెండ్లేనప్పా. పెండ్లికూతురు మా కొట్టాలకు రావాల్సింటే మీ వాకిట్లో దించుకుంటిరంట. మొకం సూసి పోదామని వస్తిమి."

చావడిలో నవ్వులు లేచాయి. శేషప్ప నవ్వలేదు.

"మీ దిన్నె మీద అంతా రాయి. ఆడ నీళ్లు పడవు."

"పడవా? మొన్న ఓట్లకొచ్చినప్పుడు మా ఇంటికాడ ఏం తాగితివప్పా?"

"మజ్జిగ తాగితి. అయితే ఏంది?"

"ఆ మజ్జిగ మా బర్రె గాలి తాగి ఇచ్చిందా?"

ఇంజనీరు కూడా నవ్వాడు. శేషప్పకు మండింది. వక్కాకు ఉమ్మి వచ్చి గొంతు పెంచాడు.

"ఎక్కువ మాట్లాడొద్దు. బోరు పంచాయితీది. పంచాయితీ ఈడుంది. కొట్టాలంటే పంచాయితీకి తోక."

"ఓట్ల దినం జొన్నహాళోళ్లం, నీళ్ల దినం కొట్టాలోళ్లమా? సరే, తోకనే అనుకో. తోక తెగిన ఎద్దు మీద ఈగలు ఎవురు తోలుతారప్పా? వచ్చే ఓట్లకు నీ మీద వాలితే అప్పుడు సూస్తాం."

ఆ మాటకు చావడి మొత్తం గొల్లుమంది. శేషప్ప మనుషులే ముందు నవ్వారు. ఇంజనీరు కుర్చీలోంచి లేచి, కాగితంలో ఏ చోటు రాశారో బండి అక్కడికే పోతుందన్నాడు. ఆ సాయంత్రమే మిషను జొన్నహాళ్‌కూ మాకూ నడుమ పారే వంక దాటింది. మరుసటి రోజు ఎర్రదిన్నె మీద నీళ్లు పడ్డాయి. కొంచెం ఉప్పగా ఉన్నాయి. అయితేనేం, మా నీళ్లు.

అందరూ దస్తగిరమ్మ గెలిచిందన్నారు. నేనూ అన్నాను. ఆ గెలుపు ఎంతపాటిదో ఆమెకు మాత్రం మాకంటే ముందే తెలిసింది.

ఎర్రదిన్నె కొట్టాలంటే ఎవరికీ తెలియదు. ఆదోని నుంచి కోసిగికి పోయే దారిలో జొన్నహాళ్ దగ్గర దిగి, వంక దాటి, దిన్నె ఎక్కితే కనిపిస్తుంది. ఒకప్పుడు జొన్నహాళ్ రైతులు చేల దగ్గర పశువులకు వేసుకున్న కొట్టాలు. కాపలా ఉండటానికి వచ్చినవాళ్లు అక్కడే పిల్లల్ని కన్నారు, అక్కడే చచ్చారు. మనుషులు చేరినా పేరు మాత్రం పశువులదే మిగిలింది. నేను అక్కడికి కోడలిగా వచ్చేనాటికే దస్తగిరమ్మ అక్కడ ఉంది.

ఆమె దూదేకులది. మొగుడు హుసేనప్ప జ్వరంతో పోయాడు. చేతిలో చిన్న బిడ్డ, ఇంట్లో దూది ఏకే విల్లు మిగిలాయి. ఆడది విల్లు పట్టడమేంటని వాళ్ల కులంలోనే కొందరు మూతి తిప్పారు. "మూతి తిప్పేటోళ్లు నా పొయ్యి ఎలిగిస్తారా?" అని అడిగి, విల్లు భుజానికి వేసుకుని ఆదోనికి నడిచింది. మిల్లుల దగ్గర దూది కొని, ఇండ్లకు పోయి పరుపులు, బొంతలు కుట్టి ఇచ్చేది. నాకూ వేరే ఆధారం లేక ఆమె వెంట పోయేదాన్ని. ఆమె ఏకేది, నేను పరుపులకు తొడిగే గలీబులు కుట్టేదాన్ని. ఆమె నోటికి నా నోరు తోడు. మా ఇద్దరితో బేరమాడి గెలిచినవాళ్లు ఆదోని పేటలో లేరని నేను గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాటే.

ఇక బోరు సంగతి. రెండేండ్లు బాగా పోసింది. తరువాత చేతిపంపు పిడి విరిగింది. బాగుచేయాలంటే పంచాయితీ తీర్మానం చేయాలి. తీర్మానం చేయాలంటే సర్పంచి మీటింగు పెట్టాలి. శేషప్ప మీటింగు పెట్టలేదు. అడగడానికి పోతే బర్రె బాగుందా అని అడిగేవాడు. మా ఆడవాళ్లు మళ్లీ వంక దిగి జొన్నహాళ్ బావికి పోవలసి వచ్చింది. అక్కడి ఆడవాళ్లు తాళ్లు మాకు ఇవ్వకుండా, "మీకు బోరుండాది గదే!" అని ఎగతాళి చేసేవాళ్లు. నేను తిరిగి నాలుగు అంటే దస్తగిరమ్మ నా చేయి పట్టి ఆపింది.

"వొద్దులే మారెమ్మా. నేను ఒకసారి పోట్లాడి నీళ్లు తెస్తిని. పిడికి ఒకసారి పోట్లాడల్ల, దారికి ఒకసారి, దీపానికి ఒకసారి. ఎన్నేండ్లని మెట్టు కింద నిలబడతాం? మన చావడి మనకుండల్ల."

అదీ ఆమె కోరిక. కొట్టాల వేరే పంచాయితీ కావాలి. అంతే. దానికోసమే ఆమె బతికిన మిగతా బతుకంతా.

సర్కారు ఎట్లా కట్టి ఉందో ముందు తెలుసుకోవాలి కదా. ఆదోనిలో సమితి ఆఫీసు గుమాస్తా ఒకాయన కూతురి పెండ్లికి పరుపులు కుట్టడానికి పిలిపించాడు. దస్తగిరమ్మ ఆయన పెరట్లో దూది ఏకుతూ అడిగింది, ఆయన అరుగు మీద గడ్డం గీసుకుంటూ చెప్పాడు. కింద వార్డు మెంబర్లు. వాళ్ల మీద సర్పంచి. సర్పంచుల మీద సమితి ప్రెసిడెంటు. సమితుల మీద కర్నూల్లో జిల్లా పరిషత్తు. ఇది ఓట్ల మెట్లు. ఇంకోటి ఉంది. ఊళ్లో మునసబు, కరణం. వాళ్ల మీద ఫిర్కాకు ఒక రెవెన్యూ ఇన్స్పెక్టరు. ఆయన మీద తాలూకా తహసీల్దారు. అందరి మీదా కలెక్టరు. ఇది శిస్తు మెట్లు.

"ఒక మిద్దెకు రెండు నిచ్చెనలు ఎందుకు సామీ?" అని అడిగింది దస్తగిరమ్మ.

"ఒకటి ఎక్కేదానికి, ఒకటి దింపేదానికి," అన్నాడు గుమాస్తా. మంచివాడే. కొట్టాల వేరుపడాలంటే అర్జీ పెట్టాలని, దానిమీద ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడని, ఇది వేరే ఊరే, వీళ్లకై వీళ్లు నడుపుకోగలరు అని ఆయనకు నమ్మకం కలగాలని చెప్పాడు. ఆయన రాసేదే రాత అన్నాడు.

ఇంటికి వచ్చి ఆమె మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మెట్ల సంగతి ఎవరికీ తలకెక్కలేదు. ముసలి గిడ్డయ్య అయితే ఆవులించాడు. గిడ్డయ్య మా కొట్టాల పెద్ద. సుంకులమ్మకు పూజ చేసేది ఆయనే, తగవులు తీర్చేదీ ఆయనే. దస్తగిరమ్మ చుట్టూ చూసి, ఇంట్లోంచి సగం కుట్టిన పరుపు లాక్కొచ్చి మధ్యలో వేసింది.

"ఇది సూడు గిడ్డయ్యన్నా. దూది ఎంత మంచిదైనా కానీ, నడుమ నడుమ కుట్టు టాకాలు వేయకుంటే ఏమయితాది? పండుకున్నాక అంతా ఒక మూలకు పోతాది. పంచాయితీ అంటే ఆ టాకా. మన మూలన టాకా లేదు. అందుకే మన దూదంతా జొన్నహాళ్ మూలకు జారిపోతాంది."

గిడ్డయ్య పరుపు మీద చేయి వేసి అదిమి చూశాడు. "ఇప్పుడు తెలిసెమ్మా," అన్నాడు. ఆయనతో పాటు అందరికీ తెలిసింది. వేలిముద్రలు వేసిన అర్జీ ఆదోనికి పోయింది.

ఆఫీసరు వచ్చేలోగా కొట్టాల ఊరిలాగా కనిపించాలి. మొదట చావడి కట్టాం. బండలు మోసింది ఆడవాళ్లమే. మగవాళ్లు కట్టారు, కట్టినామని చెప్పుకున్నారు. మూడు దిక్కుల గోడ, పైన బండల కప్పు, ముందర అరుగు. మెట్టు పెట్టబోతే దస్తగిరమ్మ వద్దంది. నేలకు సమంగా అరుగు వేయించింది. శేషప్ప ఆ దారిన పోతూ చూసి, "చావడి బాగుంది. కూచునేదానికి గొర్రెలుండాయి గదా మీకు!" అన్నాడు. "గొర్రెలు కూచున్నా పోనీలేప్పా, మెట్టు కింద ఎవురినీ నిలబెట్టవు," అంది దస్తగిరమ్మ. ఆయన సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

చావడి అయ్యాక గిడ్డయ్య ఒక మాటన్నాడు. "అన్నీ సరే. బొడ్రాయి లేంది ఊరెట్లయితాది? బొడ్డు లేని బిడ్డను సూసినారా యాడన్నా?"

నిజమే. జొన్నహాళ్‌కు బొడ్రాయి ఉంది. ఊరు పుట్టిననాడు నడి ఊళ్లో పాతిన రాయి అది. మాకు లేదు. మాది పుట్టిన ఊరు కాదు, మనుషులు వచ్చి చేరిన కొట్టాల. అందరూ సరేనన్నారు. ఒకడు మాత్రం గొణిగాడు, సాయిబుల ఆడదాని మాట మీద బొడ్రాయి వేసుకుంటామా అని. దస్తగిరమ్మ విన్నది.

"మొహర్రంకు పీర్లను నెత్తినెత్తుకోని నిప్పులు తొక్కుతావు గదరా, అప్పుడు నీ కులమేందని నేనేమన్నా అడిగితినా? ఊరికి బొడ్డుంటే నా కడుపు కూడా నిండుతాది. పోయి రాయి తే."

వాడే పోయి రాయి తెచ్చాడు.

బొడ్రాయి వేయడమంటే మాటలు కాదు. ఊరి ఆడపడుచులందరినీ పిలవాలి. ఎమ్మిగనూరులో ఉన్నవాళ్లు, ఆలూరు పక్కన ఉన్నవాళ్లు, పనికి బళ్లారి దిక్కు పోయినవాళ్లు, అందరూ రావాలి. దస్తగిరమ్మ కూతురు హమీదాబీని ఎమ్మిగనూరులో మగ్గాలున్న ఇంటికి ఇచ్చారు, ఆమె కూడా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. అందరూ చేరాక పొలిమేర కడతారు. దార్లకు అడ్డంగా కంప వేస్తారు. రాయి నిలిపి, ఊరి చుట్టూ పొలి అన్నం చల్లి, పూజ ముగిసేవరకు లోపలివాళ్లు బయటికి పోకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఒక గింజ కానీ, ఒక చుక్క కానీ ఆ గీత దాటకూడదు. దాటితే ఊరి బలం దాని వెంట పోతుందంటారు.

పొలిమేర కట్టిన సాయంత్రమే జొన్నహాళ్ తలారి వచ్చి కంప అవతల నిలబడి కేక వేశాడు. మీ అర్జీ మీద ఆఫీసరు రేపు పొద్దున వస్తాడంట, జీపులో.

ఏండ్లుగా ఎదురుచూసిన జీపు. వచ్చేది ఆ రోజే.

అందరూ చావడి ముందర చేరారు. కొందరు కంప తీసేద్దామన్నారు. గిడ్డయ్య కండ్లలో నీళ్లు తిరిగాయి. "కట్టిన కట్టు నడుమ తెంచితే నేను తట్టుకోగలను గానీ, ఊరు తట్టుకుంటాదా? పసిపిల్లలుండారు. నా నోటితో తెంచమనలేను. దస్తగిరమ్మా, నువ్వు సెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. అర్జీ కోసం అడిగింది ఆమె, ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమె. తెంచమని ఆమె ఒక్క మాట అంటే మేము తెంచేవాళ్లమే. గిడ్డయ్య కూడా ఊరుకునేవాడు. కానీ ఆ తరువాత ఏ బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ ఎద్దు పడిపోయినా, ఆ కంప తీసిన పొద్దే గుర్తుకు వచ్చేది అందరికీ. ఆమెకు ఆ మాట తెలుసు.

"తెంచొద్దు," అంది. "వచ్చేటోడు ఏమి సూడనీకి వస్తాండాడు? మనం ఊరా గాదా అని గదా. ఊరంతా ఒక కట్టు మీద నిలబడి ఉంటే, ఆడబిడ్డలంతా వచ్చి ఉంటే, ఇంతకంటే ఊరు యాడ సూస్తాడు? కంప అవతల నిలబెట్టి అంతా సెబుదాం. సదువుకున్నోడు, అర్థం సేసుకుంటాడు."

ఆమె నమ్మింది. మేమందరం నమ్మాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావాలి. రాదు.

మరుసటి రోజు పొద్దెక్కాక జీపు వచ్చింది. ఆఫీసరు చిన్నవాడే, కోస్తా దిక్కువాడు. వంకలో చక్రం ఇసుకలో కూరుకుపోతే దిగి తోసినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది, చొక్కా చెమటకు అంటుకుపోయింది. కంప దగ్గర నిలబడి "ఏమిటిది?" అన్నాడు. దస్తగిరమ్మ ఇవతల నిలబడి చేతులు జోడించింది. ఆమె వెనక ఊరంతా. పసుపు రాసుకున్న ఆడబిడ్డలు, తలగుడ్డలు చుట్టిన మగవాళ్లు, పిల్లలు. నిజంగా ఆ రోజు కొట్టాల ఊరిలాగే ఉంది. అంత నిండుగా అంతకు ముందు లేదు, ఆ తరువాతా లేదు.

"సామీ, బొడ్రాయి వేస్తాండాం. పూజ అయ్యేదాకా ఈ గీత దాటగూడదు. మీరు ఆన్నుంచే అడగండి, మేము ఈన్నుంచే సెప్తాం. అది మా చావడి. అది బోరు. పిడి ఇరిగిందనే గానీ నీళ్లుండాయి. ఇండ్లన్నీ కనపడతాండాయి గదా సామీ."

"ఇండ్లు లోపలికొచ్చి చూడాలమ్మా. ఇక్కడ నిలబడి ఏం రాయమంటావు?"

"రేపు సాయంత్రానికి కంప తీస్తాం సామీ. మిమ్మల్ని మేళంతో పిలుసుకుంటాం."

"రేపు నాకు ఆలూరులో పని." ఆయన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. కోపంగా లేడు, విసిగిపోయాడు. "సరే, కొంచెం మంచినీళ్లన్నా ఇప్పించండి."

ఎవరమూ కదల్లేదు. బిందెలు నిండుగా ఉన్నాయి. ఆయన మాట అర్థం కాక కాదు. ఒక చుక్క దాటకూడదు. దస్తగిరమ్మ గిడ్డయ్య వైపు చూసింది. గిడ్డయ్య తల దించుకున్నాడు. ఆమె మళ్లీ చేతులు జోడించింది.

"నీళ్లు కూడా ఇవ్వరా?" అన్నాడు ఆయన, నమ్మలేనట్టుగా. ఒక్క నిమిషం మమ్మల్నందరినీ చూసి జీపెక్కాడు. జీపు తిరిగి వంక దిగింది. జొన్నహాళ్‌లో శేషప్ప ఇంట్లో భోంచేసి పోయాడని తలారి తరువాత చెప్పాడు. కోడిని కోశారట. కొట్టాలవాళ్లు సర్కారు మనిషిని ఊళ్లోకి రానివ్వలేదని, వేరుపడితే ఎట్లా ఉంటారో దీన్నిబట్టే తెలుస్తున్నదని ఆఫీసరు రాశాడట. ఆదోని గుమాస్తా ఆ మాట చెప్పినప్పుడు దస్తగిరమ్మ ఆయన పెరట్లోనే ఉంది. విల్లు తీగ సవరించుకుంటూ, "రాసినాడా? సరే," అంది. ఆ పూటంతా దూది ఏకింది.

గిడ్డయ్య ఒకసారి ఆమె ముందర ఏడ్చాడు, నా వల్లనే పోయిందమ్మా అని.

"ఊరుకో అన్నా. సర్కారు మళ్లీ వస్తాది. బొడ్రాయి మళ్లీ మళ్లీ వేసేది గాదు," అంది.

ఆ తరువాత ఏండ్ల తరబడి ఆమె చావడిని కనిపెట్టుకుని ఉంది. పొద్దున లేస్తూనే కసువు ఊడ్చేది. గొర్రెలు పండుకుని పోయిన అరుగు కడిగేది. పండుగ పండుగకూ సున్నం కొట్టించేది. అక్కడ కూర్చోవడానికి మెంబర్లు లేరు, సర్పంచి లేడు. అయినా అక్కడ ఎవరినీ ధాన్యం ఆరబోసుకోనివ్వలేదు. నేనొకసారి వేరుశనగ పోస్తే తిట్టింది.

"ఎత్తెయ్యి. మీటింగొస్తే యాడ కూచుంటారు?"

"ఏ మీటింగక్కా? ఎవురిది?"

"మనదే. ఎత్తెయ్యి ముందు."

ఎత్తేశాను. ఆమెతో ఎవరు వాదిస్తారు? ఆదోనికి పోని రోజుల్లో ఆమె ఆ అరుగు మీదే దూది ఏకేది. వంక అవతల దారిలో దుమ్ము లేస్తే విల్లు ఆగిపోయేది. ఆ చప్పుడు ఆగితే మేము ఇండ్లలోంచి కూడా చెప్పగలిగేవాళ్లం, ఏదో బండి వస్తున్నదని. బండి దగ్గరికి వచ్చేది, లారీయో, ట్రాక్టరో, కోసిగి నుంచి కూలికి పోయేవాళ్లను ఎక్కించుకున్న వ్యానో అయ్యేది. మళ్లీ విల్లు మోగేది.

హమీదాబీ ఎమ్మిగనూరుకు రమ్మని చాలాసార్లు పిలిచింది. దూది పీల్చి పీల్చి తల్లికి దగ్గు పట్టుకుంది. అక్కడ మునిసిపాలిటీ కొళాయి వాకిట్లోనే ఉంది, డాక్టరున్నాడు, మనవలున్నారు. ఒక ఎండాకాలం పోయింది. ఇక రాదనుకున్నాం. నాకు ఆ ఎండాకాలం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పొద్దున లేస్తే ఆమె చీపురు చప్పుడు లేదు. తిట్టేవాళ్లు లేక చావడిలో కొత్తిమీర విత్తనాలు కూడా ఆరబోసుకున్నారు. నేనే పోయి వాళ్లను తిట్టి ఎత్తించాను. వానలు మొదలవకముందే ఒక రోజు మూటతో దిగింది.

"ఏమక్కా, కొళాయి నీళ్లు సల్లగా లేవా?" అన్నాను.

"సల్లగానే ఉండాయి. తిప్పితే వస్తాయి. ఎవురినీ అడగనక్కర లేదు. కూచోని సూస్తా ఉంటి మారెమ్మా, ఆ నీళ్లను. మనకు వస్తే ఎట్లుంటాదో అని సూస్తా ఉంటి. ఇంగ ఆడ ఉండలేకపోతి."

ఎనభై నాలుగులో కరణాలను, మునసబులను తీసేశారు. జొన్నహాళ్‌లో కొందరు ఏడ్చారు, కొందరు పండగ చేసుకున్నారు. దస్తగిరమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఒక నిచ్చెన కింది మెట్టు విరిగింది, కొత్త మెట్టు వేస్తారు, అప్పుడు మనల్ని చూస్తారంది. ఆదోనికి పోయి వచ్చింది. మరుసటి ఏడు తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వస్తాయన్నారు. సమితులు కూడా పోతాయన్నారు. ప్రతి పల్లెకూ సర్కారు నడిచి పోయేంత దగ్గరికి వస్తుందని రేడియోలో చెప్పారు. ఆ మాట వినడానికి ఆమె జొన్నహాళ్ అంగడి ముందర నిలబడి ఉంది. ఇంటికి వచ్చి ఆ మాటనే నాకు మూడుసార్లు చెప్పింది. కొత్త పెండ్లికూతురు ముఖం లాగా వెలిగింది ఆ ముఖం.

మండలం వచ్చింది. మేము కోసిగి కింద పడ్డాం. దస్తగిరమ్మ పాత అర్జీ సంగతి అడగడానికి ఆదోనికి పోయింది. వెంట నేనూ పోయాను. మంచి గుమాస్తా రిటైరై పోయాడు. ఆయన కుర్చీలో కొత్తవాడు. తాలూకా లేదు, సమితి లేదు, కాగితాలన్నీ మండలాలకు పంచిపెట్టామన్నాడు. మీది ఏ మూటలో పోయిందో తెలియదన్నాడు. మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోమన్నాడు.

"మొదటి నుంచా?" అంది దస్తగిరమ్మ.

"అవునవ్వా. మొదటి నుంచే."

ఆమెను అవ్వా అని పిలవడం నేను అప్పుడే విన్నాను. చూస్తే, నిజమే, అవ్వే. నేను ఎప్పుడూ పక్కనే ఉండి గమనించలేదు. తిరిగి వచ్చేటప్పుడు వంక ఎక్కడానికి నా భుజం పట్టుకుంది. అప్పటిదాకా ఎవరి భుజమూ పట్టుకున్న మనిషి కాదు.

ఆ చలికాలం దగ్గు ఎక్కువైంది. విల్లు గోడకు తగిలించింది. మంచం ఇంట్లో వేసుకోలేదు, చావడిలో వేయించుకుంది. "ఆడవాళ్లు చావడిలో పండుకుంటారా?" అని గిడ్డయ్య కొడుకు నసిగితే, "నువ్వొచ్చి మీటింగు పెట్టు, లేచి పోతా," అంది. దగ్గొచ్చినప్పుడల్లా నేను వీపు నిమిరేదాన్ని. చేతికి ఎముకలే తగిలేవి. దుమ్ము లేస్తే తల ఎత్తేది ఇంకా.

ఒక పొద్దు నేను జొన్నరొట్టె పాలలో నానబెట్టి తీసుకుపోయాను. రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టింది.

"కోసిగిలో ఆఫీసు పెట్టినారంట గదా మారెమ్మా."

"పెట్టినారక్కా. బాడుగింట్లో. బోర్డు మాత్రం కొత్తది, నేను సూసినా."

"నడిసి పోయి పొద్దు గూకేలోగా రావచ్చునా?"

"వచ్చు. నువ్వు పోతావా ఏంది, ఈ దగ్గుతో?"

"నేనెట్ల పోతా పిచ్చిదానా. నువ్వు పోవల్ల."

"నేను పోయి ఏమడగల్లక్కా? నీ మాదిరి మెట్లూ నిచ్చెనలూ నాకు తెలీవు. నా నోటికి ఆఫీసు మాటలు రావు. తిట్లయితే వస్తాయి."

ఆమె నవ్వింది. నవ్వుకు దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, నా చేయి దగ్గరికి లాక్కుంది.

"ఏమీ అడగొద్దు. అడిగినోళ్లను రేపు రమ్మంటారు. నేను అడిగి అడిగి సూస్తిని గదా. నువ్వు వారానికొక దినం సద్ది కట్టుకోని పో. మంచి సీర కట్టుకో. ఆ ఆఫీసు వరండాలో కూచో, ఊరికే కూచో. కసిరితే పక్కకు జరిగి కూచో. ఒక వారం సూడరు, ఇంకో వారం సూడరు. ఎప్పుడో ఒక దినం ఎవురో ఒకరు తల ఎత్తి, ఏమ్మా, ఏ ఊరు మీది అని అడుగుతారు. అప్పుడు లేచి నిలబడి ఎర్రదిన్నె కొట్టాల అని సెప్పు. జొన్నహాళ్ అనొద్దు."